నాలుగు మూలలా పసుపు

మా పెద్ద గుమస్తా గారు పోయారు. కిందటి వారం ఒకరోజు పొద్దున్నే కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నేను స్కూటీ దిగకముందే వాచ్‌మన్ ఎదురొచ్చి చెప్పాడు. "నిద్దర్లోనే పోయారంటమ్మా. ఎవుర్నీ ఇబ్బంది పెట్టలేదంట" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పక్కవాళ్లని ఇబ్బంది పెట్టకుండా ఆయన పెన్ను మూత కూడా తీసేవారు కాదు.

మాది నల్లపాడు దారిలో మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ. నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఎదురు కుర్చీ ఆయనది. ఎవరైనా తుమ్మితే చేస్తున్న పని ఆపేసి, కాసిన్ని మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని గానీ మళ్లీ మొదలుపెట్టేవారు కాదు. మిర్చి గోడౌన్‌లో తుమ్ము శకునం పట్టించుకునే మనిషి ఎంత పని చేయగలడో మీరే ఊహించుకోండి. "శకునం చూసుకోకపోతే పనెందుకమ్మా, పరుగు చాలు" అనేవారు. ఆ మాటకి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. అయినా ఆయన అంటుంటే ఒప్పుకోవాలనిపించేది.

ఏ రైతు బస్తాలు ఏ చాంబర్లో ఏ వరసలో ఉన్నాయో చెప్పే ఎక్సెల్ ఫైలు ఆయన చేతిలో ఉండేది. కొత్త రైతు వస్తే అందులోనే కొత్త షీటు తెరిచేవారు. చాంబర్లో బస్తాలు కప్పుదాకా పేర్చి ఉంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఆ ఫైలు లేకపోతే ఎవరివి ఎక్కడున్నాయో కనిపెట్టడం మా వల్ల కాదు.

పోయిన సీజన్‌లో చీమకుర్తి అవతలి నుంచి ఒక రైతు లారీ తీసుకుని వచ్చాడు. మిర్చి ధర అంతకుముందు రోజే లేచింది. మధ్యాహ్నంలోగా సరుకు యార్డుకి చేరకపోతే బేరం లేదని కొన్న వ్యాపారి చెప్పేశాడట. గుమస్తా గారు దర్జాగా ఆ రైతు షీటు మీద నొక్కారు. తెర తెల్లబోయింది. మెమరీ చాలదు, మిగతావి మూసెయ్యండి అని ఇంగ్లీషులో ఒక డబ్బా పైకొచ్చింది.

"అన్నీ మూసెయ్యండ్రా!" అని కేకేశారు. నేను కంప్యూటర్లో తెరిచి ఉన్నవన్నీ మూశాను. ఆయన అంతటితో ఆగలేదు. ఫ్యాను ఆపించారు, టీవీ ఆపించారు, గుమ్మం తలుపు కూడా వేయించారు. చెమటలు కక్కుతూ మళ్లీ నొక్కారు. అదే డబ్బా.

"ఏందయ్యా గుమస్తా గారూ, నా బస్తాలు మీ చాంబర్లో ఉన్నాయా, ఈ పెట్టెలో ఉన్నాయా?" అన్నాడు రైతు.

"ఉండవయ్యా, దానికి ఊపిరాడటంలేదు."

"నాకూ ఆడటంలా. లారీ పోద్దండీ, ఈ ధర మళ్లీ వచ్చుద్దో రాదో!"

నేను కుర్చీ లాక్కుని, వేరే షీటు తెరిచి, కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కాను. రాసిన చివరి గడికి తీసుకుపోయే మీటలవి. ఆ షీటులో ఉన్నది గుప్పెడు వరసలు. అది మాత్రం మమ్మల్ని అడుగుకి, ఇక కిందికి వరసే లేని చోటికి తీసుకుపోయింది. అక్కడ మూలనున్న గడి, పసుపు రంగులో.

"ఇదేంటండీ?"

"పసుపమ్మా" అన్నారు, అదేం ప్రశ్న అన్నట్టు. "కొత్త ఖాతా తెరిస్తే నాలుగు మూలలా పసుపు పెట్టొద్దూ?"

కింది మూలలు దొరకడానికి తిప్పలు పడ్డారట. మూల ఒంటరిగా బాగోలేదని గడపకి పూసినట్టు అంచుల పొడుగునా గడి గడికీ పూసుకుంటూ వచ్చారు. ప్రతి షీటు పైనా ఫోన్లో తీసిన అమరేశ్వరస్వామి ఫోటో, తగ్గించకుండా. ప్రతి రైతుకీ ఇలాగే. కంప్యూటర్ ఇన్నాళ్లు మోయడమే గొప్ప.

ముందు ఫైలు మొత్తానికి ఒక నకలు తీసి పక్కన పెట్టాను. ఖాళీ వరసలన్నీ కొట్టేసి పసుపు తీసేస్తుంటే పళ్లు బిగబట్టి ఊరుకున్నారు. ఫోటోల దగ్గర చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగమ్మాయ్. చేతులారా స్వామిని ఎట్లా తీసేస్తాం?" బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఆయన చూపు నా మీదికి మళ్లింది. "నువ్వు చర్చికి పోతావుగా, నీకు దోషం ఉండదేమో..."

"దోషం సంగతేమో గానీ, మీ మొహం చూస్తూ నేను నొక్కలేనండీ."

ఆయన రైతు వంక చూశారు. తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు ఆ మనిషి. గుమస్తా గారు లేచి, చెప్పులు విడిచి వచ్చి కూర్చుని, డిలీట్ తానే నొక్కారు. నొక్కి లెంపలేసుకున్నారు. తర్వాతి షీటు, మళ్లీ నొక్కుడు, మళ్లీ లెంపలు.

"అయ్యా, మీకు దణ్ణం పెడతా, లెంపలు ఆనక ఒకేసారి ఏసుకోండి!" అన్నాడు రైతు. ఆయన లెంపలు ఆపి, నొక్కుకుంటూ పోయారు.

చివరికి సేవ్ చేయబోతుంటే ఆ రైతే తుమ్మాడు. గుమస్తా గారు ఒక్క క్షణం ఆగి, నీళ్ల సీసా వైపు కూడా చూడకుండా నొక్కేశారు. ఆయన తుమ్ముని లెక్కచేయకపోవడం నేను చూసింది అదొక్కసారే. ఫైలు తేలికపడి టక్కున తెరుచుకుంది. బస్తాలు దొరికాయి, లారీ వేళకి కదిలింది.

మొన్న అమరావతిలో ఆయన అస్థికలు కలుపుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆయన భార్య "ఏంటమ్మా?" అంది. చెప్పాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. మీకూ చెబుతాను.

పాత పటాలని చెత్తలో వేయకూడదు, నీళ్లలో కలపాలి. అందుకని ఆ లారీ వెళ్లిన రెండ్రోజులకి గుమస్తా గారు, నేను దాచిన నకలులోని స్వామి ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమన్నారు. దానికి బొట్టు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని అమరావతి బస్సెక్కారు. "ఎక్కించిన దానివి నువ్వు, నువ్వు రాకపోతే ఎట్లా?" అన్నారు. కృష్ణలో మోకాలి లోతున దిగి, పంచె తడుపుకుని, రెండు చేతులతో దాన్ని వదిలారు. అది బుడుంగున మునిగింది. ఆయన కదల్లేదు.

"అమ్మాయ్, తడిస్తే స్వామి అందులోంచి పోతాడా?"

నాకు తెలియదు. ఆయన మొహం చూసి, "పోడండీ, ఉంటాడు" అన్నాను.

"అంతే చాల్లే" అని, ఆయన నీళ్లలోనే నిలబడి లెంపలేసుకోసాగారు. ఆ రోజు లారీ తొందరలో వేసుకోకుండా దాటేసినవన్నీ, ఒక్కొక్కటే, తీరిగ్గా.