మూడు గంటలకు మూడు నిమిషాలు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. తడి దుప్పటి ఒక మూల తను, రెండో మూల పక్కనున్న పొడుగాయన పట్టుకుని, ఇద్దరూ ఒక్క ఊపున వేడి రోలర్ల మధ్యకి పంపాలి. ఒక చెయ్యి వెనకబడిందా, దుప్పటి మడతపడి మాడిపోతుంది. పొడుగాయన ఆమె కంటే పదేళ్లు చిన్న. దేవుడి మీద నమ్మకం లేదు, నోటి మీద అదుపు అంతకన్నా లేదు.

ఆమె చేరిన కొత్తలో గుడ్ ఫ్రైడే నాడు లాండ్రీకి తాళం పడేది. వీధిలో కొట్లూ మూసేవాళ్లు. కొన్నాళ్లకు సగం రోజు సెలవయింది. ఆ సగమూ పోయి, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన వేళ అని మధ్యాహ్నం మూడు గంటలకు మూడు నిమిషాలు మిషన్లు ఆపే అలవాటు మిగిలింది. ప్రభువు పరలోకానికి వెళ్లిన ఆరోహణ దినం సెలవు ఎప్పుడు ఎగిరిపోయిందో చర్చివాళ్లకే గుర్తు లేదు. నానాటికీ తీసికట్టు అంటే ఇదే. క్రిస్మస్ ఒక్కటే దర్జాగా ఉంది, దాని పేరు చెబితే సరుకు అమ్ముడుపోతుంది గనక.

ఆ మూడు నిమిషాల్లో పెద్దమ్మ పెద్ద ప్రార్థనలేమీ చేసేది కాదు. ఆ దుప్పట్ల మీద పడుకునేవాళ్లను తలుచుకునేది. ఆమె భర్త కూడా ఆఖరి పదకొండు రోజులు ఇక్కడ ఉతికిన నీలం అంచు దుప్పటి మీదే పడుకున్నాడు.

కొత్త మేనేజరు వచ్చాడు. గుడ్ ఫ్రైడే మామూలు పనిదినమని, మిషన్లు ఆపకూడదని గోడకు కాగితం అంటించాడు. పెద్దమ్మ ఆయన గదిలోకి వెళ్లింది.

"మూడు నిమిషాలే కదా సార్."

"ఇవాళ మీకు మూడంటే రేపు ఇంకొకరు ముప్ఫై అడుగుతారు. ఆపితే మిమ్మల్ని మైల గుడ్డల గదిలో వేస్తాను."

రోగుల దగ్గర్నుంచి వచ్చిన గుడ్డలన్నీ విడదీసే గది అది. అక్కడ పనిచేసినవాళ్లకు ఇంటికెళ్లాక అన్నం సహించదు. ఆమెకు ఇంకా పది నెలల సర్వీసు ఉంది.

"వేయండి సార్. నేను ఆపేది మాత్రం ఆపుతాను."

పట్టు పడితే ఉడుంపట్టే ఆవిడది. పని తరిగిందన్న మాట పడకూడదని ఆ వారమంతా అరగంట ముందే వచ్చింది. పొడుగాయనా కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"నీ దేవుడు పోయిన రోజుకి నేనెందుకక్కా చీకట్నే లేవాలి?"

"నిన్నెవడు రమ్మన్నాడురా?"

"ఒక్కదానివే రెండు మూలలూ పడతావా మరి?"

శుక్రవారం మూడయింది. లోపలున్న దుప్పటి మాడకుండా బయటికి రానిచ్చి, పెద్దమ్మ మిషను ఆపి చేతులు దించేసింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, మిషను మళ్లీ వేసి, తడి దుప్పటి మూల తనే అందుకున్నాడు. "ఊఁ, పట్టు!" అన్నాడు పొడుగాయనతో.

పొడుగాయన చేతులు కట్టుకున్నాడు. "అక్కతో తప్ప నాకు చెయ్యి కుదరదు సార్. మాడితే మీదే పూచీ."

చేసేదేం లేక మేనేజరు మిషను కట్టేశాడు. నీళ్లోడే దుప్పటితో మిగతా నిమిషాలన్నీ అలాగే నిలబడ్డాడు. ఆ రోజు అందరికంటే భక్తిగా కనిపించింది ఆయనే.

సోమవారం ఆమెను మైల గదిలో వేశారు. కంపు ఆమెను బాధించలేదు. తనతోపాటు ఆ మూడు నిమిషాలూ పోతాయన్నదే ఆమె బాధ. రిటైరయ్యే రోజున, వచ్చే గుడ్ ఫ్రైడేకి మిషను ఆపమని పొడుగాయనను అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు. అడిగి ఆపిస్తే అది మొహమాటమవుతుంది గానీ గౌరవం కాదని ఆమె లెక్క.

మళ్లీ గుడ్ ఫ్రైడే వచ్చింది. ఒక్క ఆరాధనా తప్పని మనిషి చర్చిలోంచి మధ్యలో లేచి, లాండ్రీ వెనక సందులోకి వచ్చింది. కొట్లన్నీ తెరిచే ఉన్నాయి. వ్యానులోంచి ఎవరో పెట్టెలు దింపుతున్నారు. లాండ్రీ గోడకున్న గొట్టంలోంచి వేడిగాలి హోరుమని కొడుతోంది. రోలర్లు తిరిగినంతసేపూ ఆ హోరు ఉంటుంది.

వాచీలో మూడయింది. హోరు ఆగలేదు. ఆమె వెనక్కి తిరగబోయింది. అంతలోనే, లోపలున్న దుప్పటి బయటికి రావాలి కదా అని గుర్తొచ్చి, గోడ పట్టుకుని నిలబడింది.

హోరు తగ్గింది. పూర్తిగా ఆగింది.

గోడ ఇంకా వెచ్చగానే ఉంది. పెద్దమ్మ ప్రార్థన మరిచిపోయి వాచీనే చూస్తూ ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో నిమిషం కూడా గడిచాక గానీ గొట్టం మళ్లీ హోరెత్తలేదు.

"ఈ పొడుగాడికి లెక్కలు కూడా రావు," అనుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.