మాస్టారు ఎత్తని ఫోను

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని ఏళ్ల తరబడి అనుకుంటున్నాను. పైకి చూస్తే చాలా చిన్న విషయం. ఒక ఇంట్లో ఇంటర్నెట్ మాటిమాటికీ తెగిపోతుంటే చూడ్డానికి వెళ్లాను. అంతే. కానీ ఆ చిన్న విషయాన్ని తలుచుకోకుండా నేను నిద్రపోయిన రోజులు తక్కువ. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గుంటూరు దగ్గర ఒక ఊళ్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. పద్ధతైన మనిషినని పేరుండేది. ఏ కంప్లయింటు వచ్చినా ఒక వరుసలో చూసేవాణ్ణి. ఇంటికొచ్చి డైరీ రాసుకునేవాణ్ణి. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

అప్పుడు ఇంటర్నెట్ ఫోను తీగ మీదే నడిచేది. కరుణ అనే అమ్మాయి ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని, గుంటూరులో ఒక కంపెనీ ఇచ్చిన పని చేసేది. డాక్టర్లు చెప్పిన మాటలు విని టైపు చేసి, రోజూ మధ్యాహ్నం పంపాలి. భర్తకి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె మామగారు. ఆయన మిషన్ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్లు పోయి మంచం దిగలేకపోయేవారు. వేటపాలెంలో ఉన్న చెల్లెలితో మాట్లాడుకోవడానికని అదే లైను మీద ఆయన మంచం పక్కన ఇంకో ఫోను పెట్టించారు.

మిరపకోతల రోజుల్లో కరుణ కంప్లయింటు ఇచ్చింది. "మొన్నటిదాకా బాగానే ఉంది సార్. ఇప్పుడు పంపుతుంటే మధ్యలో కట్టయిపోతోంది. ఇలాగైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారు."

వెళ్లాను. సాకెట్టు విప్పి చూశాను. మోడెం తీగ మార్చాను. రిసీవరు చెవికి పెట్టుకుని గరగర వినిపిస్తుందేమో విన్నాను. బయట స్తంభం మీద పెట్టె తెరిచి చూశాను. అన్నీ బాగున్నాయి. మిగిలింది మాస్టారి ఫోను. నెట్టు నడుస్తుండగా రెండో ఫోను ఎత్తితే లైను తెగుతుంది.

"ఎవరో ఎత్తుతున్నారమ్మా" అన్నాను. ఎవరో అనడానికి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

కరుణ ఆయన వైపు తిరిగింది. "మావయ్యగారూ, ఫోను ఎత్తారా?"

"లేదమ్మా."

"పోనీ చెయ్యి తగిలిందేమో."

"తగిలితే తెలియదా? పోయింది మోకాళ్లేగా, చేతులకేమైంది?" అని నవ్వారు.

ఆమె నవ్వలేదు. "అయితే బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నేను ఒట్టు పెట్టనని నీకు తెలుసు. బడిలో పిల్లల చేత కూడా ఏనాడూ పెట్టించలేదు. లేదన్నాను, లేదంతే." తర్వాత నా వైపు చూశారు. "ఏమయ్యా, పని తెలిసినవాడివి. ఇంకో కారణమేదీ ఉండదా?"

"ఉండదండీ మాస్టారూ. అన్నీ చూశాను."

ఒట్టు పెట్టకపోవడమే ఆమెకు ఒప్పుకున్నట్టు అనిపించింది. నాకూ అలాగే అనిపించింది. ఆ ఫోను తీసేయమంది. నేనే విప్పాను. నాకు తీగ అందాలని ఆయన తన దుప్పటి తనే పక్కకి లాక్కున్నారు.

మర్నాడు పొద్దున్నే ఒక మిర్చి వ్యాపారి ఎక్స్ఛేంజికి వచ్చి కేకలేశాడు. "కాల్ వెయిటింగ్ పెట్టమని ఎప్పుడడిగానయ్యా? ఇంకా రాదేంటి?" ఒక కాల్లో ఉండగా ఇంకో కాల్ వస్తే బీప్ వినిపించే సదుపాయం అది. నేనే పెట్టానే అనుకుంటూ కంప్యూటర్లో చూశాను. పెట్టాను. నంబరులో చివరి రెండంకెలు అటూ ఇటూ చేసి, కరుణ ఫోనుకి పెట్టాను. ఆమె నెట్టులో ఉండగా బయటినుంచి ఎవరు ఫోన్ చేసినా బీప్ పడేది. అది పడితే మోడెం తెగిపోతుంది. ఆ వేళకి ఎవరు చేసేవారో. వేటపాలెం చెల్లెలే అయి ఉండొచ్చు.

వెంటనే తీసేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం కరుణ ఫోన్ చేసింది. "ఒక్కసారి కూడా తెగలేదు సార్. మీరు చెప్పిందే నిజం."

"మంచిదమ్మా" అన్నాను.

అంతకుముందు జరిగింది పొరపాటు. ఆ ఒక్క మాట పొరపాటు కాదు. ఎందుకన్నాను? రిటైర్మెంటు దగ్గర్లో ఉందని, మెమో ఇస్తారేమోనని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, దీనికి ఎవరూ మెమో ఇవ్వరని, చూసి నవ్వి సరిచేసుకోమంటారని నాకు ఆ రోజే తెలుసు. నా చేతిలో తప్పు జరిగిందని ఆ ఇంట్లో తెలియడం నాకిష్టం లేదు. ఎంత వెతికినా ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. ఆ రాత్రి డైరీలో కూడా 'రెండో ఫోను తీశాక బాగైంది' అని రాశాను. ఎవరూ చదవని చోట ఎవరిని మోసం చేద్దామని?

కరుణ చెడ్డది కాదు. పని అయ్యాక తన ఫోను ఆయన మంచం దగ్గరికి తెచ్చేదట. ఆయన ముట్టుకునేవారు కాదట. "వద్దమ్మా, మళ్లీ ఏదన్నా అయితే నా మీదికే వస్తుంది" అనేవారట. చెల్లెలు చేసినా అంతే.

మరుసటేడు పత్తి తీతల కాలంలో ఆయన పోయారు. ఇవన్నీ సమాధుల తోటలో కరుణ చెబితేనే తెలిశాయి. "ఎత్తానమ్మా అని ఒక్కమాట అనుంటే నవ్వి ఊరుకునేదాన్ని సార్. ఫోను మళ్లీ పెట్టించేదాన్ని. చివరిదాకా ఒప్పుకోలేదు" అని ఏడ్చింది. ఆమె పక్కనే నిలబడ్డాను. మట్టి ఇంకా పూర్తిగా వేయలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. తల ఊపి, ఓదార్చి వచ్చేశాను. ఓదార్చానని రాయడానికే సిగ్గుగా ఉంది.

కరుణ ఇప్పుడు నల్లపాడులో ఉంటోంది. వెళ్లడం కష్టం కాదు. రేపు వెళ్లి చెబుతానని రాద్దామనిపిస్తోంది గానీ రాయను. అదీ అబద్ధమైతే?

మాస్టారు ఆ ఫోను ఎత్తలేదు. లైను తెగడానికి కారణం నేను. అది తెలిసీ ఆయన్ని అబద్ధాలకోరుగా పోనిచ్చింది కూడా నేనే. ఈ మాటలు ఇంతవరకు ఎక్కడా రాయలేదు, పైకి అనలేదు. క్షమించమని మిమ్మల్ని అడగలేను, అది మీరు ఇచ్చేది కాదు. రాశాను. ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది.