అత్త తానై ఇచ్చేసిన బాతులు

మా మేనత్త పోయిందని బెంగాల్లోని టికియాపారా నుంచి బావ ఫోన్ చేశాడు. న్యుమోనియా అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, బాతుల దగ్గర అంటుకున్న జబ్బేమోనని ఆసుపత్రిలో అనుమానపడ్డారని చెప్పాడు. దహనం అయ్యాక రిపోర్టు వచ్చింది. అది కాదట. మరి ఏమిటన్నది అందులో లేదు. ఏమనుకుని ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

రైల్వే క్వార్టర్స్ వెనక మురికిగుంట పక్కన అత్త బాతుల్ని పెంచేది. వాటి దగ్గరికి వేరే చెప్పులు. తిరిగి వచ్చాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటే గానీ మమ్మల్ని ముట్టుకునేది కాదు. మేం బాతుపిల్లను ముద్దాడబోతే, "పేమ పేమే, రోగం రోగమే" అని లాగేసేది.

కొన్నేళ్ల కిందట పక్క వీధిలో కోళ్లు వరసగా చచ్చాయి. తెల్లటి సూట్లు తొడుక్కున్న మనుషులు పక్షులన్నిటినీ చంపడానికి పట్టుకుపోతామని వచ్చారు. ఆడవాళ్లు కోళ్లను మంచాల కింద దాచారు. ఎదురింటి బెంగాలీ ఆవిడ, అత్తను దీదీ అని పిలిచేది, తన కోళ్లను అత్త ఇంట్లో దాచమని బతిమాలింది. అత్త వద్దంది. పైగా తన బాతుల్ని తానే ముందు తెచ్చి అప్పజెప్పింది. అది చూసి వీధి వీధంతా ఇచ్చేసింది. ఎదురింటావిడ ఆ రోజునుంచి అత్తతో మాట్లాడటం మానేసింది.

నీ బాతులు బాగానే ఉన్నాయి కదా అని అత్తను అడిగాను.

"బాగున్నాయని నాకేటి తెలుసే? కళ్లకి కనబడతాదేటి?" అంది.

అత్త వాళ్ల వీధిలో ఎవరికీ జబ్బు రాలేదు. ఆమె ఇచ్చేయడం వల్ల రాలేదా, అసలు వచ్చేదే కాదా? కొన్నాళ్లకు కూరగాయలు తరుగుతూ తనే అడిగింది: "ఉత్తినే సంపించీసినానేటే, అమ్మీ?" మీరైతే ఏం చెప్పేవారు?

మళ్లీ పెంచుకోవచ్చని అధికారులు చెప్పాక కొత్త పిల్లల్ని తెచ్చుకుంది. ఎందుకని అడిగితే, గుంట బోసిగా ఉందంది.

దినం నాటి ఉదయం బాతులు గూట్లో అరుస్తున్నాయి. బావకు వాటిని ముట్టుకోవాలంటే భయం. చంపడానికి చేతులు రావు, ఇస్తామంటే తీసుకునేవాళ్లు లేరు. అప్పుడు ఎదురింటావిడ వచ్చింది. ముక్కుకు చీరకొంగు బిగించుకుని గూడు తలుపు తీసింది. బాతులు ఒకదాని వెనక ఒకటి గుంటలోకి దిగాయి. ఆఖరిది నీళ్లలోకి జారేదాకా ఆవిడ అక్కడే నిలబడింది, కొంగు తీయకుండా, వెనక్కి తగ్గకుండా.