చేపకు కృతజ్ఞత

పిల్లలు ఆమెను గీకుడత్త అంటారు. పెట్టింది పిల్లలు కాబట్టి ఆ పేరుకు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. మ్యూజియం వెనక గదిలో, కిటికీ పక్క బల్ల మీద, భూతద్దం కింద రాయి పెట్టుకుని సన్నని ఉక్కు సూదితో గీకడమే ఆమె ఉద్యోగం. ఆ రాళ్ళలో ఎప్పటివో జంతువుల ఎముకలుంటాయి. ఎముకకు గాటు పడకుండా రాయిని మాత్రమే రాల్చాలి. విసుగు పుట్టి సూదిని కాస్త గట్టిగా నొక్కితే, కోట్ల ఏళ్ళుగా చెక్కుచెదరని ఎముక పుటుక్కుమంటుంది. అందుకే సూది పట్టేముందు కళ్ళు మూసుకుని, "దేవుడా, నా చెయ్యి వణకనివ్వకు" అనుకునేది. పక్క బల్లల వాళ్ళు ముసిముసిగా నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళ నవ్వుకు ఆమె ఎప్పుడు జడిసింది గనక!

సెలవురోజున ప్రార్థనామందిరంలో పిల్లలకు పాఠం చెప్పేది. ఆ మందిరానికి పెద్ద ఆమె మేనమామ. తల్లీతండ్రీ లేని ఆమెను పెంచి పెద్దచేసిందీ ఆయనే. ప్రార్థన చివర ఎవరైనా లేచి, తాము దేనికి కృతజ్ఞులో పైకి చెప్పుకోవచ్చు. పెద్ద "అందుకు వందనం" అంటాడు, వెనకే అందరూ అంటారు. చిన్నప్పుడు ఆమె లేచి, కదిలే పన్ను ఊడినందుకు కృతజ్ఞతలు చెబితే హాలంతా గొల్లుమంది. మేనమామకు ఒళ్ళు మండింది. "ఈ గదిలో ఏ కృతజ్ఞతా జవాబు లేకుండా పోకూడదు" అని అందరి నోళ్ళూ మూయించి, ఆ పంటికి వందనం చెప్పించాడు. ఆనాటి నుంచి అదే అక్కడి కట్టుబాటు.

ఆమెకు పిల్లలు లేరు. ఆ పాఠం కోసం వారమంతా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేది.

గొడవంతా ఒక చేపతో వచ్చింది. ఒకసారి పిల్లలను వెంటబెట్టుకుని తన బల్ల దగ్గరకు తీసుకెళ్ళి, అప్పుడే రాతిలోంచి బయటపడ్డ చేపను చూపించింది. దాని రెక్కలో మన మణికట్టులో ఉన్నట్టే చిన్న చిన్న ఎముకలున్నాయి. "ఇలాంటి చేపల సంతతే మెల్లగా ఒడ్డెక్కింది. వాటికే కాళ్ళొచ్చాయి, చేతులొచ్చాయి. కోట్ల ఏళ్ళు పట్టిందనుకోండి. దేవుడికేం తొందర?" అని చెప్పింది. ఒక పిల్ల మణికట్టు తడుముకుంటూ ఇంటికెళ్ళి, "నాన్నా, మనమంతా చేపల పిల్లలమేనట" అంది. ఇంకేముంది! మర్నాటికల్లా ఆ తండ్రి నలుగురిని పోగేసుకుని మేనమామ గుమ్మంలో ఉన్నాడు.

సాయంత్రం మేనమామ ఆమె ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

"ఈ వారం అందరిముందూ లేచి, 'నేను చెప్పింది తప్పు' అని ఒక్కముక్క అనెయ్యమ్మా. సద్దుమణుగుతుంది."

"తప్పు కాదుగా మామయ్యా."

"కాకపోతే మాత్రం, ఒక్కముక్కకి నీ సొమ్మేం పోతుంది?"

"ఎముక దొరకనిచోట మేం తెల్ల ప్లాస్టర్ నింపుతాం. దానికి ఎముక రంగు వెయ్యం. ఏది దొరికిందో, ఏది మేం నింపామో చూసేవాళ్ళకి తెలియాలి కదా. దేవుడు ఇదంతా ఎలా చేశాడో నాకు తెలియంది బోలెడుంది. అదంతా తెల్లగానే ఉంచాను. మీరేమో దొరికిన ఎముక మీదే ప్లాస్టర్ పుయ్యమంటున్నారు."

"నీ పాఠం తీసేస్తారే తల్లీ. వాళ్ళని నేను ఆపలేను."

ఆయన ముట్టని గ్లాసును ఆమె పక్కకు జరిపింది. "తీసెయ్యనివ్వండి. దేవుడు చేసినదాని గురించి ఆయన ఇంట్లోనే అబద్ధమాడమంటే నా వల్ల కాదు."

"పోనీ, కొన్నాళ్ళు రావడం మానెయ్యి."

"ఎందుకు మానాలి? అది మీ ఇల్లయితే రాను."

ఆయన వెళ్ళాక తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెంచిన చేతులే పొమ్మంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

ఆ వారం ఆమె అందరికంటే ముందే వెళ్ళి, ముందు వరుసలో కూర్చుంది. పిల్లలు వేరొకరి వెంట పాఠం గదిలోకి వెళ్ళడం చూసి పెదవి కొరుక్కుంది. ప్రార్థన చివర ఒకామె జ్వరం తగ్గినందుకు లేచింది. ఒకాయన ఉద్యోగం దొరికినందుకు లేచాడు. రెండింటికీ వందనాలయ్యాయి. అప్పుడు గీకుడత్త లేచింది.

"రెక్కలో మణికట్టున్న చేపకి. అది ఒడ్డెక్కినందుకు. దాన్ని ఎక్కించడానికి దేవుడు పట్టిన ఓపికకి. నా కృతజ్ఞతలు."

హాలు బిగుసుకుపోయింది. ఫిర్యాదు చేసిన తండ్రి కావాలని గట్టిగా దగ్గాడు. అందరూ మేనమామ వైపు చూశారు. ఆయన నేల వైపు చూశాడు. ఆమె కూర్చోలేదు. కట్టుబాటు పెట్టినవాడే దాన్ని తెంచుతాడేమో చూద్దామన్నట్టు నిలబడే ఉంది. మేనమామ చెమట తుడుచుకున్నాడు.

"అందుకు... వందనం" అని చివరికి గొణిగాడు.

"వినపడలేదు మామయ్యా" అంది ఆమె.