మెరుగెక్కని మూడు రింగులు

పనిముట్టుకూ ఆభరణానికీ తేడా తెలియని మనిషి చేతికి పలుగిచ్చి, ఒక కర్మాగారం చరిత్రను వెలికి తీయమంటే, అతను తవ్వుతున్నాడనాలా, పూడుస్తున్నాడనాలా? గత వారం ఫరీదాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్ల నమూనా ఫ్లాటు చూశాను. ఆ స్థలంలో ఒకప్పుడు విద్యుత్ స్తంభాలకు బిగించే పింగాణీ ఇన్సులేటర్లు తయారయ్యేవి. పునాదులు తవ్వేముందు బిల్డరు ఒక కన్సల్టెంటును పెట్టి పురావస్తు పరిశీలన జరిపించాడు. దాని ఫలితం ఇప్పుడు హాల్లో, అద్దాల అల్మారాలో, చిన్న దీపాల కింద తళతళలాడుతోంది: గోధుమరంగు పింగాణీ రింగులు. పక్కన చీటీ: ‘కార్మిక స్త్రీల గాజులు’. పసిపిల్ల చేతికైనా పట్టని వాటిని గాజులన్న పండితుడికి రేపు గరిటె దొరికితే రాజదండమంటాడు.

అవేమిటో నాకు మా పెద్దనాన్న చెప్పారు. కాకినాడ నుంచి వచ్చి, ఆ కర్మాగారంలో బట్టీ చూసుకునే పనిలో చేరిన మనిషి ఆయన. సరుకుతో పాటు కొన్ని రింగులను కూడా బట్టీలో, గోడ కన్నానికి అందేలా పెట్టేవారట. మంట సాగుతుండగా ఒక్కొక్కటే ఇనుప చువ్వతో బయటికి లాగి, చల్లార్చి చూసేవారు. పూత కరిగి మెరిస్తే మంట ఆపవచ్చు. మసకగా ఉంటే ఆపకూడదు. ఒక్కో కాల్పులో తీసిన రింగులను వరసగా ఒక తీగకు గుచ్చి, నంబరు గీసిన మట్టిబిళ్ళ కట్టి, గోడగూట్లో దాచడం పెద్దనాన్న అలవాటు. ఇంట్లో కూడా రైలు టికెట్లు, డాక్టరు చీటీలు అన్నీ తీగకే. “నన్నొక్కదాన్నే గుచ్చకుండా వదిలారు,” అనేది పెద్దమ్మ.

నేను పుట్టకముందు, ఒక కాల్పులో తీసిన మూడు రింగులూ మసకగానే ఉన్నా, బట్టీ మండించే నూనె మిగులుతుందని మేనేజరు మంట ఆపించాడు. బట్టీ నిండా సరుకు పాడైంది. రింగు తీసి చూడకుండానే ఆపేశాడన్న నింద పెద్దనాన్న మీద వేసి, ఆ పూటే గేటు బయటికి పంపేశారు. ఆయన మాట కర్మాగారమే కాదు, మా ఇల్లూ పూర్తిగా నమ్మలేదు. కాలేజీ డిబేట్లలో కప్పులు గెలిచిన గర్వంతో నేనూ ఒకసారి, “ఆధారమేది పెద్దనాన్నా?” అని అడిగాను.

“గూట్లో ఉందమ్మా. నన్ను లోపలికి రానిస్తేగా!”

తవ్వకాల సంగతి తెలియగానే లక్ష్మీ నగర్‌లోని నా హాస్టల్ నుంచి మెట్రోలో వెళ్ళి, ఆయన్ను అక్కడికి తీసుకెళ్ళాను. ఏది దేనితో కలిసి, ఏ వరసలో దొరికిందన్నదే పురావస్తు విద్యకు ప్రాణమంటారు. మేము చేరేసరికి ఆ వరసనే కత్తెరతో కత్తిరించేశారు. రింగులను కడిగి, మెరిసేవాటిని పళ్ళెంలో పేర్చి, మసకవాటిని మట్టిదిబ్బ మీద పారేశారు.

“అంకుల్‌జీ, మెరవనివి డిస్‌ప్లేకి పనికిరావు,” అన్నాడు కన్సల్టెంటు, నల్లకళ్ళద్దాలు తీయకుండానే. “పైగా వందేళ్ళు నిండనిది పురావస్తువే కాదు. ఠీక్ హై?”

“అచ్ఛా! మెరిసేవాటికి ఎప్పుడు నిండాయి భయ్యా వందేళ్ళు?” అన్నారు పెద్దనాన్న.

నా కప్పులన్నీ కలిపినా ఆ ఒక్క ప్రశ్నకు సరిపోవు. పండితుడు ఫోన్ చూసుకున్నాడు.

అయితే అజ్ఞానానికి కూడా ఫొటోలు తీసే అలవాటుంటుంది. అభ్యంతరాల కోసం బయటపెట్టిన అతని ముసాయిదా నివేదిక చివర్లో, తీగలు తెంపకముందు తీసిన గూడు ఫొటో కనిపించింది. గూటి అంచున, అన్నిటికన్నా చివర పెట్టిన తీగకు మూడే రింగులు, మూడూ మసకవే. బిళ్ళ మీద పెద్దనాన్న చేత్తో గీసిన నంబరు. ఉద్యోగం తీసేసిన కాగితాన్ని కూడా ఆయన తీగకే గుచ్చి దాచారు. అందులో ఉన్నదీ ఆ నంబరే. ఫొటో కింద మన పండితుడి వ్యాఖ్య: ‘అసంపూర్ణ హారం’.

“మీ పెద్దమ్మకు చూపించు,” అన్నారు పెద్దనాన్న. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, ఫొటో మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టి, “మూడూ తీశారండీ,” అంది.

నివేదికకు ఆమోదముద్ర పడితే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వ్యాఖ్యే సాక్ష్యమవుతుంది, బతికున్న మనిషి మాట పుకారవుతుంది. ముసాయిదా మీద అభ్యంతరాలు ఇంకా తీసుకుంటున్నారు, ఎవరైనా పంపవచ్చు, చిరునామా దాని మొదటి పేజీలోనే ఉంది. ‘హారం’ అన్న మాట కొట్టేసి, ‘మంట ఆపకముందు తీసి చూసిన రింగులు’ అని రాయమని, దయచేసి, మీ పేరుతో ఒక ఉత్తరం రాయండి.