కలకత్తా రోడ్డు మీద మా ఉలవలు

విశాఖ నుంచి పూరీ దాకా కారులో వెళ్లిన ఒకాయన వీడియో నిన్న చూశాను. పాత కలకత్తా రోడ్డు చరిత్రంతా చెప్పి, టెక్కలి దాటాక ఇచ్ఛాపురం దాకా చూడడానికి ఏమీ లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. జవాబు రాస్తానంటే, "నలుగురిలో నోరిప్పనిదానివి, నువ్వేటి రాత్తావే?" అని మా ఆయన నవ్వాడు. రాస్తున్నాను, ఎవరు నవ్వినా సరే.

ఆ మధ్యలోనే ఉన్న మా కంచిలి వైపు నా ఈడు వాళ్లకు గుర్తుందా? ఎండిన ఉలవ తీగల్ని ఆ రోడ్డు మీదే పరిచేవాళ్లం. లారీలు తొక్కుకుంటూ పోతే కాయలు చిటపటా పగిలి గింజలు రాలేవి. వేడి తారు వాసనకు ఉలవల దుమ్ము తోడై ముక్కు దురద పెట్టేది. నేనూ మా అమ్మమ్మా చీపుళ్లతో గింజలు ఊడ్చేవాళ్లం.

ఒకరోజు మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన కారు ఆపి దిగాడు.

"ఇవన్నీ తీసి అవతల పారెయ్యండి! రోడ్డేమైనా మీ బాబుదా?" అని అరిచాడు.

ఆ ఏడు మాకు పండిందంతా ఆ రోడ్డు మీదే ఉంది. నేను భయపడి అమ్మమ్మ వెనక దాక్కున్నాను. అమ్మమ్మ మాత్రం కదల్లేదు.

"ఔను, మా బాబుదే. ఈ రోడ్డుకి కంకర కొట్టినోడు మా బాబు. మీ బాబు ఏటి కొట్టినాడో సెప్పు," అంది.

ఆయన కారెక్కి మెల్లగా ఆ తీగల మీద నుంచే పోనిచ్చాడు. అమ్మమ్మ వంగి కాయలు చూసి, చెయ్యెత్తి కేకేసింది.

"ఎనక్కి రా బాబూ, సగమే రాలినాయి!"