మా మామ కాదన్న పదవి

నిన్న పొద్దున తిరుపతిలో మా వీధి చివరి అంగడి దగ్గర పేపరు తిరగేస్తుంటే, వైద్యుల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే మండలికి కొత్త అధ్యక్షులు కావాలనీ, అర్హులైనవారు దరఖాస్తు చేసుకోవచ్చనీ ఒక ప్రకటన కనబడింది. మా కాలంలో అలాంటి పదవికి ప్రకటనలుండేవి కావు. తగిన మనిషెవరా అని పెద్దలు నలుగురినీ విచారించుకొని, ఇంటికే వచ్చి అడిగేవారు. అలా ఒకసారి మా మేనమామ ఇంటికి వచ్చారు.

మామ నగరి సర్కారు ఆసుపత్రిలో డాక్టరుగా చేసి, రిటైరయ్యాక కార్వేటినగరంలో స్థిరపడ్డాడు. నగరి నేతగాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ అక్కడికీ వచ్చేవారు, అంత మంచి హస్తవాసి. ఆయనకు ఒక్కతే కూతురు, నాకంటే చిన్నది. సెలవులకు వెళితే నా జడ తనే వేసేది. నేను చిత్తూరులో కొత్తగా నర్సుగా చేరిన రోజుల్లోనే, అదే ఊళ్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో కాన్పయ్యాక నెత్తురు ఆగక ఆ పిల్ల చనిపోయింది. కబురు మీద కబురు పెట్టినా డాక్టరమ్మ పెళ్లి విందు వదిలి రాలేదు. పుట్టిన బిడ్డా దక్కలేదు. అల్లుడు రాజీపడిపోయాడు. మామ ఒక్కడే మండలికి ఫిర్యాదు చేశాడు.

అది విచారణకు రాకముందే మండలి అధ్యక్షుడు కాలం చేశాడు. ఆ స్థానానికి మచ్చలేని మనిషి కోసం వెతుకుతూ ఇద్దరు పెద్దమనుషులు మామ ఇంటికి వచ్చి, మీరైతేనే దానికి గౌరవమని బతిమాలారు. ఒక్క చిక్కుందన్నారు. ఫిర్యాదు చేసినవారే అధ్యక్షులుగా ఉండకూడదు గనుక, దాన్ని వెనక్కి తీసుకోవాలి.

వంటింటి గుమ్మంలో అత్త పక్కన నిలబడిన నేను ఉండబట్టలేక, ఒప్పుకో మామా, ఇంకెందరో ఆడబిడ్డలు బతుకుతారన్నాను.

“నువ్వు చెప్పేది న్యాయమేమ్మా. కానీ నా బిడ్డ తరపున అడిగేదానికి ఇంకెవురుండారు?” అన్నాడు.

వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. తగిన మనిషి దొరకలేదంటూ ఆ కుర్చీని ఏండ్ల తరబడి ఖాళీగానే ఉంచారు. మామ బస్సెక్కి వెళ్లినప్పుడల్లా, కొత్త అధ్యక్షులు వచ్చాక చూస్తామని పంపించేవారు. తిరిగి తిరిగి ఆయన నడుము వంగింది, చూపు తగ్గింది, చివరికి మనిషే పోయాడు.

ఆయన పోయాకే అధ్యక్షుడొచ్చాడు, విచారణకు రమ్మని పిలుపూ వచ్చింది. అత్తనూ తీసుకొని వెళ్లాను. ఆ కొత్త అధ్యక్షుడు మర్యాదస్తుడే, మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఫిర్యాదుదారు జీవించి లేనందువల్ల దీన్ని ముగించవలసి ఉందని నెమ్మదిగా చెప్పాడు.

“ఆయన ఉన్నన్నాళ్లూ ఈడ ఎవురూ లేరు నాయనా,” అని మాత్రం అన్నది అత్త.

ఇప్పుడా నర్సింగ్ హోమ్ చోట అద్దాల ఆసుపత్రి లేచింది. నాతో పనిచేసినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. ఆ పిల్ల ఎలా పోయిందో తెలిసినవాళ్లం నేనూ అత్తా మిగిలాం. ఆమెకూ మతిమరుపు వచ్చింది. ఈమధ్య నన్నే కూతురనుకొని, కాన్పుకు చిత్తూరు పోవద్దు, ఈడనే ఉండమ్మా అంటుంది. నేను సరేనంటాను.